ఆవిరి వెనక దస్తావేజు

శృంగారం దట్టించిన క్రైమ్ థ్రిల్లర్లు ఇన్నేళ్ళుగా ఎందుకు ఆడుతున్నాయని అడిగి చూడండి. జవాబు తడుముకోకుండా వస్తుంది: "ఒళ్ళు చూపిస్తే ఆడక ఏం చేస్తాయి?" సంస్కృతి పాడైపోతోందని బెంగపడే పెద్దలూ ఇదే అంటారు. పెట్టుబడి లెక్కలు వేసుకునే నిర్మాతలూ ఇదే అంటారు. ఇంట్లో ఒంటరిగా చూసి బయట పెదవి విరిచే మేధావులూ ఇదే అంటారు. మరే విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం ఈ ముగ్గురికీ ఇక్కడ కుదిరింది. ముగ్గురూ పొరబడ్డారని నా వాదన.

ఒళ్ళొక్కటే సరుకైతే ఈ అంగడి ఎప్పుడో మూతపడి ఉండాలి. ఇవాళ ప్రతి జేబులోనూ ఉన్న ఫోన్లో ఆ సరుకు ఉచితంగా, కథ అనే అడ్డం లేకుండా దొరుకుతోంది. దానికోసం ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు కష్టాలో, ఒక వకీలు తప్పటడుగులో రెండు గంటలసేపు వింటూ కూర్చోవాల్సిన ఖర్మ ఎవరికుంది? అయినా కూర్చుంటున్నాం. 80 ఏళ్ళ నాటి నలుపు తెలుపు సినిమాలు కూడా వెతుక్కుని మరీ చూస్తున్నాం. అంటే పట్టి ఉంచేది ఇంకేదో ఉంది. అది మంచం మీద లేదు, మంచం పక్క సొరుగులో ఉన్న కాగితంలో ఉంది. సంతకం ఎవరిది, పేరు ఎవరిది, ఆస్తి ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు కోరిక తోడైన చోట ఈ రకం కథ పుడుతుంది. మన తెలుగు సినిమావాళ్ళు కోరికను తెచ్చుకున్నారు, కాగితాన్ని అక్కడే వదిలేశారు. పట్టించుకుని ఉంటే, లంబసింగి లాంటి చోటుని పొగమంచుకీ పాటలకీ వాడుకుని వచ్చేసేవాళ్ళు కారు.

ముందు పేరు సంగతి. యుద్ధం ముగిశాక అమెరికన్ నేరకథా చిత్రాలు పారిస్‌కు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. వాటిని చూసిన విమర్శకుడు నీనో ఫ్రాంక్ 1946లో "ఫిల్మ్ నువార్" అన్నాడు. నల్ల సినిమా అని అర్థం. 1970ల నుంచి అదే ధోరణిని రంగుల్లో, సెన్సారు పట్టు సడలిన కాలంలో మళ్ళీ అందుకున్నవాటిని నియో నువార్ అంటున్నాం. పాతవాటిలో చాటుగా సూచించిన దాన్ని కొత్తవాటిలో తెరమీదకి తెచ్చారు. తెరమీదకి వచ్చిందే అసలు సంగతని చాలామంది అనుకున్నారు. గందరగోళమంతా అక్కడే మొదలైంది.

మూడు సినిమాల్లో కాగితాలు తీసి చూద్దాం.

మొదటిది బిల్లీ వైల్డర్ 1944లో తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ'. మూలం జేమ్స్ ఎం. కెయిన్ నవల. ఆ పేరే ఒక బీమా షరతు: కొన్ని రకాల ప్రమాదాల్లో మనిషి పోతే రెట్టింపు సొమ్ము. ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒక ఇల్లాలు కలిసి ఆవిడ భర్తను చంపుతారు. ఆనాటి సెన్సారు కింద వైల్డర్ గట్టిగా చూపించగలిగింది ఆవిడ కాలి పట్టీ. అది చాలు, ఏజెంటు పడిపోతాడు. కానీ కథకు కొక్కెం పడేది ఇంకో చోట. కారు ఇన్సూరెన్స్ కాగితాలనుకుని ఆ భర్త తన ప్రాణం మీది పాలసీకి సంతకం పెట్టేస్తాడు. చదవకుండా పెట్టిన సంతకం. వేలిముద్రలు వేయించుకునే షావుకార్లను తరతరాలుగా చూసిన మనకు ఈ దృశ్యం విడమరిచి చెప్పాలా?

రెండోది 1974 నాటి 'చైనాటౌన్'. లాస్ ఏంజెలెస్‌కు నీళ్ళు తెస్తామనే పేరుతో రైతుల లోయని ఎండబెట్టి, ఆ నేలను చౌకగా కొనేస్తుంటారు. డిటెక్టివ్ రికార్డుల ఆఫీసుకు వెళ్ళి కొన్నవాళ్ళ పేర్లు తీస్తాడు. అందులో ఒకాయన అప్పటికే పోయాడు. పోయిన వారానికి భూమి కొన్నట్టు రిజిస్టరులో ఉంది! మిగతావాళ్ళు వృద్ధాశ్రమంలో కాలం గడుపుతున్న ముసలివాళ్ళు. తమ పేర మీద అంత భూమి ఉందని వాళ్ళకే తెలియదు. మన భాషలో దీనికి పేరు పెట్టడం కష్టం కాదు, బేనామీ.

మూడోది లారెన్స్ కాస్డన్ 1981లో తీసిన 'బాడీ హీట్'. "వేడి" సినిమా అంటే అందరూ మొదట చెప్పేది దీన్నే. ఫ్లోరిడాలో ఎండ మండిపోతుంటుంది, చెమట కారుతుంటుంది, ఒక మామూలు వకీలు ఒక ధనవంతుడి భార్యతో పడతాడు, ఇద్దరూ ఆ భర్తను లేపేస్తారు. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది. ఆవిడ వకీలుకి తెలియకుండా అతని పేరు మీద ఒక దొంగ వీలునామా పుట్టిస్తుంది. వారసత్వ చట్టంలోని ఒక పాత నియమం ప్రకారం చెల్లకుండా పోయేటట్టు కావాలనే రాస్తుంది. వీలునామా చెల్లలేదు కనక భర్త ఆస్తి మొత్తం భార్యకి పోతుంది. చెల్లని కాగితమే ఆమె ఆయుధం! ఆ ఒక్క మలుపు తీసేస్తే ఆ సినిమాలో మిగిలేది ఎండాకాలం.

2003లో హిందీలో వచ్చిన 'జిస్మ్' ఈ కథ ఆనవాళ్ళతోనే వచ్చింది. పాండిచ్చేరి సముద్రం ఒడ్డు, పాటలు, బిపాషా బసు, జాన్ అబ్రహాం జనానికి గుర్తుండిపోయారు. అందులో ఏ కాగితం ఉందో ఎవరినైనా అడగండి. ఇక్కడి నుంచే మన దారి చీలింది.

తెలుగువాళ్ళకు ఈ రకం కథ అలవాటు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, టెంపోరావునీ, ఆ తర్వాత మధుబాబు షాడోనీ అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని, పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివిన తరాలు మనవి. ఆరుద్ర అంతటివాడు డిటెక్టివ్ నవల రాశాడు. సాహిత్య చరిత్రలు మాత్రం ఆ పుస్తకాల్ని గుమ్మం బయటే నిలబెట్టాయి. అట్ట మీద బొమ్మ చూసి, లోపల ఉన్నదీ అంతేననుకున్నారు. ఆ చిన్నచూపు వల్ల నష్టం ఏమిటంటే, ఆ కథల్లో ఏది గట్టిది, ఏది డొల్ల అని విడదీసి చెప్పే విమర్శ మనకు తయారు కాలేదు. విమర్శ లేని చోట అనుకరణకు అడ్డేముంది?

2018లో అజయ్ భూపతి 'ఆర్ఎక్స్ 100' తీశాడు. కుర్రకారు విరగబడి చూశారు. అందులో పాయల్ రాజ్‌పుత్ వేసిన ఇందు పాత్రను మన తెర మీది విషకన్యగా చెప్పుకున్నారు. ఆ పాత్రలో కొంత ధైర్యం ఉంది, కాదనను. కానీ 'డబుల్ ఇండెమ్నిటీ'లోని ఇల్లాలి పక్కన నిలబెట్టి చూడండి. ఆవిడకు పాలసీలో ఏ షరతు ఎక్కడుందో తెలుసు. ఇందు దగ్గర ఉన్నది మోజు, మోసం. ఆమెను అర్థం చేసుకునే పని సినిమా పెట్టుకోలేదు. దెబ్బతిన్న మగవాడి గాయాన్ని మనకు చూపించడమే దాని పని. అందుకే అది చూసి బయటికొచ్చిన కుర్రాళ్ళ నోట "ఆడాళ్ళంతే" అన్న మాట వచ్చింది. నువార్ చూసినవాడికి "డబ్బంతే" అనిపించాలి, ఆ వెంటనే "నేనూ అంతేనా?" అనిపించాలి.

అదే దర్శకుడు 2023లో తీసిన 'మంగళవారం'లో ఊళ్ళో అక్రమ సంబంధాలున్న వాళ్ళ పేర్లు గోడ మీద కనిపిస్తాయి, తర్వాత శవాలు తేలతాయి. గోడ మీది రాత కూడా ఒక కాగితమే కదా అనొచ్చు. నిజమే. కానీ అది పరువు తాలూకు కాగితం. మన శృంగార నేరకథలన్నీ పరువు చుట్టూనే తిరుగుతాయి. పరువు పోయింది కాబట్టి చంపారు, పరువు పోతుందని చచ్చారు. పల్లెటూరి పరువు వెనక ఎప్పుడూ ఒక పొలం గట్టు ఉంటుందని మనందరికీ తెలుసు. ఇద్దరు కలిస్తే ఆ పొలం ఏ ఇంటికి పోతుందన్న లెక్క ఉంటుంది. ఆ గట్టు దాకా మన కెమెరా వెళ్ళదు.

ఇప్పుడు కొండెక్కుదాం. ఈ వాదనకు పరీక్ష పెట్టడానికి తెలుగునాట లంబసింగి కంటే తగిన చోటు నాకు తోచలేదు.

చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని "కొర్రబయలు" అన్న పేరూ ఉంది. కింద నుంచి వెళ్ళినవాళ్ళు "ఆంధ్రా కాశ్మీరు" అని ఇంకో పేరు తగిలించారు. తెల్లవారుజామున చెరువులవేనం మీంచి మబ్బుల్ని చూడటానికి కార్లు బారులు తీరతాయి. స్ట్రాబెర్రీ తోటలు, గుడారాలు, చలిమంటలు, సెల్ఫీలు.

2024 మార్చిలో ఈ ఊరి పేరుతోనే ఒక సినిమా వచ్చింది. నవీన్ గాంధీ దర్శకత్వం, భరత్ రాజ్, దివి ముఖ్య పాత్రలు. కొత్తగా కానిస్టేబుల్ అయిన కుర్రాడు లంబసింగికి వస్తాడు. ఒకప్పటి నక్సలైటు కూతురిని ప్రేమిస్తాడు. ఆ అమ్మాయే తుపాకీ పట్టిన మనిషని తర్వాత తెలుస్తుంది. ఒక్క క్షణం ఆగి ఈ కథను చూడండి. చట్టం తరఫు మనిషి, రహస్యం దాచిన ఆడది, ప్రేమా పథకమా తేలని చూపులు. నువార్‌కు కావలసిన సరంజామా అంతా ఉంది. దానికి వాళ్ళు పెట్టుకున్న ఉపశీర్షిక ఏమిటో తెలుసా? "ఎ ప్యూర్ లవ్ స్టోరీ." స్వచ్ఛమైన ప్రేమకథ! చేతికందిన కథను కడిగి ఆరేశారు. నా అభ్యంతరం ఆ "ప్యూర్" అన్న మాట మీద. కొండ మీదికి వెళ్ళగానే మనకు అన్నీ స్వచ్ఛంగా కనిపిస్తాయి. గాలి స్వచ్ఛం, తేనె స్వచ్ఛం, అక్కడి అమ్మాయి స్వచ్ఛం. స్వచ్ఛంగా ఉన్నవాళ్ళకు ఆస్తి ఉండదు, లెక్క ఉండదు, సొంత ఎత్తుగడ ఉండదు. వాళ్ళ దగ్గర నుంచి ఏదైనా తీసుకోవడం చాలా సులువు.

ఇంతకీ లంబసింగి సొరుగులో ఏ కాగితం ఉంది?

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి ఇష్టారాజ్యంగా పోకుండా అడ్డుకట్ట వేసే చట్టం 1917లోనే వచ్చింది. 1959లో మరో రెగ్యులేషన్ చేశారు. దాన్ని 1970లో బిగించారు. జనం నోట్లో అదే "వన్ ఆఫ్ సెవెంటీ". షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానం కూడా బదిలీ కిందికే వస్తాయి. ఇంకో మెట్టు ఎక్కి, అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే అది గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే. 1988లో సుప్రీంకోర్టు ఈ రెగ్యులేషన్‌ని సమర్థించింది. 1997 జులై 11న సమత కేసులో మరింత ముందుకెళ్ళి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. ఒక చట్టం అనుమానంతో మొదలవడం చూశారా? డిటెక్టివ్ పనిని చట్టమే చేసిపెట్టింది.

మరి చట్టం ఇంత గట్టిగా ఉంటే మైదానం మనిషి ఏం చేస్తాడు? చైనాటౌన్‌లో చేసిందే చేస్తాడు. ఇంకొకరి పేరు వాడుకుంటాడు. ఏజెన్సీ భూముల మీద పనిచేసినవాళ్ళు ఎవరిని అడిగినా చెప్పే దారి ఒకటుంది: గిరిజన స్త్రీని పెళ్ళి చేసుకోవడమో, చేసుకున్నానని చెప్పడమో, ఆమె పేరు మీద పట్టా నడిపించడమో. ఇంతకంటే నువార్ ఎక్కడుంది? ప్రేమ, పెళ్ళి, మంచం, పట్టా, మోసం అన్నీ ఒకే గదిలో ఉన్నాయి.

కథ అల్లి చూడండి. కింద నుంచి ఒకడు మిరియాలు కొనడానికి వస్తాడు. బైకు ఉంది, మాట తీపి. సంతలో పరిచయం. ఆమెకూ అతని మీద మనసుంది. ఆ మనసుని అబద్ధం చేయకండి, అది నిజంగానే ఉండాలి. లేకపోతే కథ పాఠమైపోతుంది. రెండేళ్ళకు ఆమె అన్న వాటా భూమి కూడా ఆమె పేరుకి వస్తుంది. మూడో ఏట అక్కడ నాలుగు గదులు లేస్తాయి, పొగమంచు కనిపించే కిటికీలతో. కింద అతనికి ఇంకో ఇల్లుందని ఆమెకు తెలిసిన రోజున, ఆ గదులు చట్టం దృష్టిలో ఎవరివో ఆమెకూ తెలుస్తుంది. మొత్తం ఆమెవే. చెల్లని కాగితం ఈసారి అతని చేతిలో ఉంది. ఇక్కడ అసలు సినిమా మొదలవ్వాలి. ఆమె పోలీసు దగ్గరికి వెళుతుందా, భూ బదలాయింపు కేసులు వినే డిప్యూటీ కలెక్టరు కోర్టుకి వెళుతుందా, అన్న దగ్గరికి వెళుతుందా, లేక ఏమీ తెలియనట్టు ఆ రాత్రి అతనికి అన్నం పెడుతుందా?

ఈ కథలో విషకన్య లేదు, విషపురుషుడున్నాడు. హాలీవుడ్ రాసుకున్న పాత లెక్క ఇక్కడ తిరగబడుతుంది. వల వేసేది మగవాడు, వలపు వల్ల పోగొట్టుకునేది ఆడది, చివరికి చట్టంలోని షరతు ఆమెకు తెలిస్తే పోగొట్టుకునేది అతను. అనువాదం చేసుకోనక్కర్లేని కథ, ఈ నేల మీదే మొలిచిన కథ. దీన్ని వదిలేసి మనం కొండ మీద ఎవరికో తడిచీర కట్టించి పాట తీసుకుని వస్తున్నాం.

గంజాయి సంగతి ఎత్తకుండా ఇవాళ ఈ కొండల గురించి మాట్లాడితే దొంగతనంగా ఉంటుంది. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకుని ఒక్కచోట తగలబెట్టారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే అది వ్యాపార పరిమాణం, పదేళ్ళకు తక్కువ కాని శిక్ష, బెయిలు దొరకడం గగనం. మూట మోసిన కుర్రాడికీ, మూటకు డబ్బు పెట్టినవాడికీ శిక్ష ఒక్కటేనని చట్టం అంటుంది. మోసేవాడు ఘాటు రోడ్డు మీద దొరుకుతాడు. డబ్బు పెట్టినవాడు ఆ రోడ్డు ఎక్కనే ఎక్కడు.

2025 సెప్టెంబరులో క్రిష్ 'ఘాటి' వచ్చింది. చింతకింది శ్రీనివాసరావు కథ, అనుష్క నాయిక. మూటలు మోసేవాళ్ళని కథ మధ్యలో నిలబెట్టాలన్న ఆలోచనే మెచ్చుకోదగ్గది. తూర్పు కనుమల మోత మనుషులకు పెద్ద సినిమాలో ఒక పేరు దొరికింది. కానీ సగం దాటేసరికి అది పగ తీర్చుకునే వీరనారి కథైపోయింది. వీరత్వం వచ్చిన చోట లెక్క మాయమవుతుంది. మూటకు ఎంత, మోసినందుకు ఎంత, చెక్‌పోస్టులో ఎంత, నగరంలో ఎంత అని అడిగేవాడు ఉండడు. కత్తి దూసిన నాయికను చూసి మనం చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేస్తాం. పాపం తీరిపోయినట్టు ఉంటుంది. నువార్ ఈ సుఖం ఇవ్వదు. పాపంలో మన వాటా ఎంతో చెప్పి పంపిస్తుంది. గంజాయి కొండ మీద పండుతుంది, కొనేవాళ్ళు మన కాలేజీల్లో, మన నగరాల్లో ఉన్నారు.

ఇక చివరి అంకం. ఈ రకం కథల్లో చివరకు న్యాయం జరగదు. చైనాటౌన్ ముగింపు చూసి "ఇంత చీకటా" అని విసుక్కునేవాళ్ళుంటారు. ఈ కొండల్లోనే జి.మాడుగుల మండలంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని ఎత్తిచూపింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్ళు పట్టింది ఇంతకీ. దీన్ని వినోదానికి సరుకు చేయమని నేను అనడం లేదు. తెర మీద కొండ స్త్రీ ఒంటిని చూపించడానికి సిగ్గుపడని పరిశ్రమ, కోర్టు కాగితాల్లో ఆమె ఒంటికి ఏం జరిగిందో చదవడానికి మాత్రం మొహమాటపడుతుందని అంటున్నాను. చీకటి ముగింపు రచయిత పైత్యం కాదు. అది మన రికార్డుల్లోనే ఉంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు.

"గిరిజనుల కష్టాన్ని థ్రిల్లర్ చేస్తారా? అది గంభీరంగా, డాక్యుమెంటరీలా చెప్పాల్సిన విషయం కదా?" అంటారు. గంభీరమైనవి ఉన్నాయి. 2006లో ఇచ్చిన కోనేరు రంగారావు భూ కమిటీ నివేదిక ఉంది. తీర్పులు, పరిశోధనలు ఉన్నాయి. వాటిని ఎంతమంది చదివారు? కాగితం ఒక్కటే ఉంటే నివేదిక అవుతుంది, అల్మారాలో కూర్చుంటుంది. కోరిక ఒక్కటే ఉంటే వేసవి పాట అవుతుంది. ఒక మనిషి తెలిసి తెలిసి తప్పు కాగితం మీద సంతకం పెట్టేటంత వెర్రి కోరికను చూపించినప్పుడు, ఆ కాగితం ఏమిటో తెలుసుకోవాలని చూసేవాడికి అనిపిస్తుంది. అందుకే ఆవిరి కావాలంటున్నాను. పెద్దలకు కోపం వచ్చినా సరే. పైగా గిరిజనుల గురించి ఎప్పుడూ జాలిగానే మాట్లాడాలనడంలో ఇంకో రకం చిన్నచూపు ఉంది. వాళ్ళకూ కోరికలు, దురాశలు, ఎత్తులు, పైఎత్తులు ఉంటాయి. మంచి నేరకథలో పాత్ర అయ్యే హక్కు వాళ్ళకు లేదా?

"ఏజెన్సీలో పేద గిరిజనేతరులు కూడా ఉన్నారు, అందర్నీ దొంగల్ని చేస్తారా?" అని ఇంకొకరు అడుగుతారు. ఉన్నారు. తరాలుగా ఉన్నారు. వాళ్ళ గతి ఏమిటన్నది నిజమైన ప్రశ్నే. నువార్‌లో ఎప్పుడూ ముందు మునిగేది ఆ మధ్యలో ఉన్న చిన్న మనిషే. బీమా ఏజెంటు, చిన్న వకీలు, అద్దె డిటెక్టివ్. వాళ్ళు పెద్ద దొంగలు కారు. ఒక మెట్టు పైకి ఎక్కుదామని ఒక్క సంతకం పెట్టినవాళ్ళు. అలాంటి మనిషిని లంబసింగిలో వెతకడానికి దీపం అక్కర్లేదు.

"ఇదంతా ఎందుకండీ, సరదాగా రెండు గంటలు గడిస్తే చాలు" అనేవాళ్ళతో నాకు తగవు లేదు. సరదా కోసమే అడుగుతున్నాను. వన్ ఆఫ్ సెవెంటీలో ఉన్నంత బిగువు, పది ముద్దు సన్నివేశాల్లో లేదు. పట్టా ఎవరి పేరున ఉందో తెలియని మంచం మీద ఇద్దరు పడుకుంటే ఆ గదిలో ఉండే వేడిని ఏ ఐటం పాటా పుట్టించలేదు.

ఈ కొండల చరిత్ర కూడా ఒక లెక్క తగాదాతోనే మన పుస్తకాల్లోకి వచ్చింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి వెట్టిలా పని చేయించాడు. ఆ కసి కూడా తోడై, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మనకు గుర్రం గుర్తుంది, విల్లంబులు గుర్తున్నాయి, బుర్రకథలు గుర్తున్నాయి. ఎగ్గొట్టిన కూలి లెక్క మాత్రం గుర్తు లేదు. వీరగాథకి లెక్కలు అక్కర్లేదు. నేరకథకి అవి లేకపోతే గడవదు.

2022లో ఆ వీరుడి పేరు మీదే జిల్లా ఏర్పడింది, పాడేరు కేంద్రంగా. రేపు ఎవరో ఒక దర్శకుడు మంచి కెమెరాతో, అందమైన జంటతో ఘాటు రోడ్డెక్కుతాడు. ముద్దులు పెట్టించనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వాళ్ళు దిగిన గది ఉంది చూశారూ, ఆ గది ఎవరి నేల మీద ఉంది, పట్టా ఎవరి పేరున ఉంది, అద్దె ఎవరి జేబులోకి పోతోంది అని ఆ కథలో ఒక్క పాత్రయినా అడగాలి. ఆ ప్రశ్న అడిగిన రోజున మనకు మన నువార్ దొరుకుతుంది. అడిగిన పాత్ర బతికి కొండ దిగుతుందో లేదో తెలుసుకోవడానికి నేను మొదటి ఆటకే టికెట్ కొంటాను.